నా వంకర చెయ్యికి చైనా ఇంటిపేరు

ఇంటిపేరు కలిస్తే చాలు, మనవాళ్లు ఇంకేమీ అడగరు. మనిషి ఎలాంటిదో, మాట ఎలాంటిదో చూడరు. ఒకే ఇంటిపేరయితే అక్కచెల్లెళ్లే, అంతే. సౌదీలో, తబూక్‌లో మా ఆసుపత్రి నర్సుల హాస్టల్‌కి ఆ అమ్మాయి పెట్టెతో దిగిన రోజు నేను చేసిన పనీ అదే. పెట్టె మీద అంటించిన చీటీలో తన ఇంటిపేరు చూసి, "ఒసే, నువ్వు మావాళ్లమ్మాయివే!" అంటూ నా గది తలుపు బార్లా తీశాను. మాది కోనసీమ. వాళ్లది బందరు వైపు. మా రెండు కుటుంబాలకూ ఎక్కడా పిల్లనిచ్చింది లేదు, తెచ్చుకున్నది లేదు, ఒకరి మొహం ఒకరు చూసింది లేదు. అయినా ఆ సాయంత్రం నా చేపల పులుసు నా కంచంలోంచే తింది. అప్పటినుంచి నేను అక్కని, తను చెల్లి. ఇప్పుడు ఆ మాట తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

తను అంతకుముందు నజ్రాన్‌లో చేసి వచ్చింది. అక్కడ మన భాష వాళ్లు తక్కువ కాబట్టి అరబీ గలగలా పట్టుబడింది. నాది వార్డు అరబీ. "నొప్పి ఎక్కడ?", "ఊపిరి పీల్చు", "లే హజ్జా, లే", అంతవరకే. ఎన్నేళ్లున్నా దాన్ని దాటలేదు. ఎముకల వార్డులో దానితోనే నెట్టుకొచ్చాను. మోకాలి ఆపరేషన్ అయిన పెద్దావిడలను లేపడం, కూర్చోబెట్టడం, పక్కకి తిప్పడం నా పని. ఇక్కడి పెద్దావిడలు, హజ్జా అని పిలుస్తాం, నెయ్యి తిన్న శరీరాలు, ఒక్కొక్కరిని లేపితే చుక్కలు కనిపిస్తాయి. అలా లేపీ లేపీ నా నడుం పోయింది. డిస్క్ జారిందన్నారు డాక్టర్లు. బరువులెత్తొద్దన్నారు. నర్సుకి బరువులెత్తొద్దని చెప్పడం, చేపకి ఈదొద్దని చెప్పడం ఒకటే.

ఆ రోజుల్లోనే నాకు తాయ్ చీ, అంటే చైనా వాళ్ల నెమ్మది వ్యాయామం, పట్టుబడింది. ఫిజియోథెరపీలో ఒక మలేషియా ఆవిడ ఉండేది. వాళ్ల తాతలు చైనా నుంచి వలస వెళ్లినవాళ్లు. నా నడుం చూసి జాలిపడి, "రేపు పొద్దున్నే మేడ మీదకి రా" అంది. నేను ఆవిణ్ణి టీచర్ అని పిలిచేదాన్ని. హాస్టల్ మేడ మీద డిష్ యాంటెన్నాలు, నీళ్ల ట్యాంకులు, తీగల మీద ఆరేసిన యూనిఫారాలు. వాటి మధ్యలో మిగిలిన కాస్త జాగాలో మా పాఠం. చలికాలంలో తబూక్ గాలి ఎముకల్లోకి దూరుతుంది. స్వెట్టర్ మీద స్వెట్టర్ వేసుకుని, చెవులకి గుడ్డ కట్టుకుని నిలబడేదాన్ని. ఎయిర్ బేస్ నుంచి లేచిన విమానం నెత్తి మీదుగా ఉరుముతూ పోతే నేను ఉలిక్కిపడి ఆగిపోయేదాన్ని. టీచర్ ఆగేది కాదు. ఆవిడ చెయ్యి ఎక్కడ మొదలైందో ఎప్పుడు చివరికి చేరిందో తెలిసేది కాదు, అంత నెమ్మది.

"ఇది యాంగ్ వాళ్ల పద్ధతి" అని చెప్పింది మొదటివారంలోనే. యాంగ్ అంటే ఏమిటని అడిగితే ఇంటిపేరు అంది. నాకు భలే నచ్చింది. ఇంకా ఉన్నాయా అంటే చెన్, వూ, సున్ అంటూ చెప్పుకొచ్చింది. అన్నీ ఇంటిపేర్లే! చైనాలో చెన్ ఇంటిపేరు వాళ్ల ఊరొకటి ఉందట, ఈ విద్య అక్కడిదేనట. యాంగ్ ఇంటిపేరు గలవాడొకడు ఆ ఊరికి వచ్చి, వాళ్లింట్లో పనికి కుదిరి నేర్చుకున్నాడట. గోడ మీంచి తొంగిచూసి నేర్చాడని కొందరంటారు, అదంతా కట్టుకథ, గురువే కూర్చోబెట్టి నేర్పాడని కొందరంటారు. యాంగ్ దగ్గర నేర్చుకున్నవాళ్ల నుంచి వూ వచ్చింది. అప్పటికే వేరే విద్యలు వచ్చిన ఇంకొకాయన దీన్నీ నేర్చుకుని, అన్నీ కలిపితే సున్ వచ్చింది. "ఇప్పుడు ఎవరికి వాళ్లు తమదే అసలైనదంటారు" అని నవ్వింది టీచర్.

తేడా చూపించమని పట్టుబట్టాను. ఆవిడ ఒకే భంగిమను నాలుగు రకాలుగా చేసి చూపించింది. దాని పేరు ఒంటి కొరడా. కుడిచేతి వేళ్లన్నీ ముడిచి, మణికట్టు వంచి, కొక్కెంలా వెనక్కి పెట్టాలి. ఎడమ అరచేతిని నిలబెట్టి, ఎదురుగా తలుపు తోస్తున్నట్టు ముందుకు చాపాలి. యాంగ్‌లో అది పెద్దగా, విశాలంగా, ఒకే వేగంతో సాగుతుంది. చెన్‌లో నడుం బాగా కిందికి దిగుతుంది, ఒళ్లంతా తాడు పేనినట్టు మెలితిరుగుతుంది, నెమ్మదిగా పోతూ పోతూ ఉన్నట్టుండి ఝాడిస్తుంది. వాళ్లకే ఇంకో కదలిక ఉంది, పిడికిలిని అరచేతిలోకి రోకటిపోటులా దించుతూ కాలితో నేలను దబ్బున తన్నడం. అది చూసి నేను పక్కకి గెంతాను. వూ చిన్నది, పొదుపైనది, ఒళ్లు కొంచెం ముందుకి వాలుతుంది. సున్‌లో ఒక అడుగు పడితే రెండో అడుగు వెంటే వచ్చి చేరుతుంది, ఒంటి కొరడాలో ఆ కొక్కెం కూడా ఉండదు, రెండు అరచేతులూ తెరిచే ఉంటాయి. చూస్తుంటే నాకు మా వైపు గుళ్లు గుర్తొచ్చాయి. మా లూథరన్ గుడిలో సాగదీసి సాగదీసి పాడే కీర్తననే పక్కవీధి పెంతెకోస్తు వాళ్లు చప్పట్లతో పరుగెత్తిస్తారు. పాట ఒకటే. కాని ఒకళ్లది వింటే ఇంకొకళ్లకి పాటలా ఉండదు.

నా ఒంటి కొరడాలో ఒక లోపం ఉంది. నా ఎడమ అరచెయ్యి నిలబడదు. చిన్నప్పుడు మా అన్నయ్య సైకిలు తీసుకుని, కాలవగట్టు మీద నేర్చుకోబోయి, సైకిలుతో సహా కాలవలో పడ్డాను. మణికట్టు విరిగింది. మా నాన్న ఆసుపత్రికి తీసుకెళ్లకుండా కట్టు కట్టే ఆయన దగ్గరికి తీసుకెళ్లాడు. ఆయన వెదురుబద్దలు పెట్టి బిగించాడు. ఎముక అతుక్కుంది గాని వంకరగా అతుక్కుంది. ఇప్పటికీ ఆ చెయ్యి సగం వరకే వెనక్కి వంగుతుంది. తలుపు తోయమంటే తలుపు మీద చెయ్యి జారిపోతున్నట్టు, వేళ్లు ముందుకి, కిందికి వాలిపోతాయి. టీచర్ కొన్నాళ్లు దాన్ని సరిచేద్దామని చూసి, ఫిజియో కాబట్టి ఎముక సంగతి అర్థమై, వదిలేసింది.

"నీ చెయ్యి ఇంతే. ఇలాగే చెయ్యి" అంది. "కాని జాగ్రత్త. నువ్వు ఎవరికైనా నేర్పావనుకో, వాళ్లు నీ వంకర కూడా నేర్చుకుంటారు. వాళ్ల శిష్యులు అదే గొప్ప రహస్యమంటారు. శైలులు కొన్ని అలాగే పుట్టి ఉంటాయి."

ఇద్దరం పడీ పడీ నవ్వాం.

ఆవిడ కాంట్రాక్టు అయిపోయి వెళ్లిపోతూ, నువ్వు మాత్రం ఆపకు అని చెప్పింది. నేను ఆపలేదు. అప్పటికి చెల్లి నా గదిలోకి వచ్చేసింది. "నాకూ నేర్పక్కా, డ్యూటీ చేసొస్తే కాళ్లు పీకేత్తన్నాయి" అంది. పొద్దున్నే ఇద్దరం మేడ మీదికి వెళ్లేవాళ్లం. తను నా వెనక నిలబడి నన్ను చూసి చేసేది. చలికి నా మణికట్టు లాగితే గదికి వచ్చాక బామ్ రాసి పట్టేది. "ఎవడక్కా ఈ కట్టు కట్టినోడు, ఆడి చేతులిరగ్గొట్టాలి" అనేది. ఆ సైకిలు కథ తనకి ఎన్నిసార్లు చెప్పానో. చెప్పినప్పుడల్లా కొత్తగా విన్నట్టు నవ్వేది. అంత ప్రేమగా నా చెయ్యి పట్టుకున్నవాళ్లు ఈ దేశంలో ఇంకెవరూ లేరు, అది మాత్రం అబద్ధం చెప్పను.

ఇంతలో నర్సింగ్ ముదీరా, అంటే మా అందరి పైనున్న సౌదీ మేడమ్, నన్ను పిలిచి రెండు ముక్కల్లో తేల్చేసింది. వార్డులో బరువులెత్తగలిగితే కాంట్రాక్టు రెన్యువల్, లేకపోతే ఫైనల్ ఎగ్జిట్, అంటే పెట్టె సర్దుకుని ఇంటికి. మా అమ్మాయి బీఎస్సీ నర్సింగ్ మధ్యలో ఉంది. దాని చదువు అయ్యేదాకా ఎలాగోలా ఇక్కడ నిలబడాలన్నదే నా ప్రార్థన. అప్పుడే ఫిజియో విభాగంలో ఒక ఖాళీ వచ్చింది. మోకాళ్ల నొప్పుల పెద్దావిడలతో రోజూ పొద్దున నెమ్మదిగా వ్యాయామం చేయించడానికి ఒక నర్సు కావాలట, మా మలేషియా టీచర్ చేయించేలాంటిది. బరువులెత్తే పని లేదు. ఆ కబురు విని నేను బాత్రూములోకి వెళ్లి ఏడ్చాను, సంతోషంతో.

"నాకు ముదీరాతో అంత అరబీ మాట్లాడటం రాదే, ఆవిడ ఇంగ్లిష్ నాకు అర్థం కాదు" అన్నాను చెల్లితో.

"నేనున్నాను గదక్కా. నువ్వు చేసి చూపియ్యి, నేను చెప్తాను" అంది.

ముదీరా గదిలో కుర్చీలు పక్కకి జరిపి చోటు చేశారు. ఈజిప్టు హెడ్ నర్సు కూడా ఉంది. నేను ఒంటి కొరడా వరకు చేసి చూపించాను. చెల్లి నా పక్కన నిలబడి అరబీలో చెబుతూ ఉంది, చేతులు తిప్పుతూ, నవ్వుతూ, నా వైపు చూపిస్తూ. నాకు అందులో సగానికి సగం అందలేదు. నా గురించి ఎంత బాగా చెబుతోందో అనుకున్నాను. ముదీరా నా వైపు తిరిగి ఏదో అడిగింది, అంతేనా అన్నట్టు. నేను చిరునవ్వుతో తలూపాను. తర్వాత చెల్లి ముందుకి వచ్చి, ఫోన్‌లో చూసి ఎప్పుడు నేర్చుకుందో ఏమో, పిడికిలి అరచేతిలోకి దించి కాలు దబ్బున నేలకేసి తన్నింది. బల్ల మీద టీ గ్లాసులు అదిరాయి. ముదీరా ముచ్చటపడింది. నేను కూడా చప్పట్లు కొట్టాను.

ఆ ఉద్యోగం తనకి వచ్చింది.

నేను నమ్మలేదు. ఎక్కడో పొరపాటు జరిగిందనుకుని, వచ్చీరాని మాటలతో ఈజిప్టు హెడ్ నర్సుని పట్టుకున్నాను. ఆవిడ నా మీదే విసుక్కుంది. "ఆ అమ్మాయి ఎదురుగానే చెప్పింది కదా. చెన్ అన్నది మూలమని, అది తనకొచ్చని, యాంగ్ అన్నది దాన్నుంచి తర్వాత పుట్టిన మెత్తటి రకమని, నీకు తనే నేర్పిందని. మేడమ్ నిన్ను అడిగితే అవునని తలూపావు" అంది.

తలూపాను. నా నోటితో నా కూడు పోగొట్టుకున్నానని ఎవరైనా అంటే అర్థముంది, నేను తలతో పోగొట్టుకున్నాను. కోపం కన్నా ముందు సిగ్గేసింది. గొర్రెలా నవ్వుకుంటూ నిలబడ్డ నా మొహం నాకే కనపడింది.

గదికి వచ్చేసరికి చెల్లి యూనిఫారం ఇస్త్రీ చేసుకుంటోంది.

"నేను నీ దగ్గర నేర్చుకున్నానని చెప్పావంట?" అన్నాను.

తను ఇస్త్రీపెట్టె ఆపలేదు. "అలా అనకపోతే ఇయ్యరక్కా. ఇద్దరు మనుషులకి ఒక పోస్టు. నీ నడుంతో ఎన్నాళ్లు చేస్తావ్ చెప్పు?"

"అది నడుం కోసమే కదే నేర్చుకుంది."

"నువ్వు ఎగ్జిట్ కొట్టించుకుని ఎల్తే ఇంట్లో బావ ఉన్నాడు. నాకెవరున్నారు? నజ్రాన్‌లో ఎన్ని పడ్డానో నీకు తెల్దు. ఇంకా నైట్ డ్యూటీలు చెయ్యలేనక్కా నేను, చచ్చిపోతాను." యూనిఫారం తిరగేసి పరిచింది. "అయినా నీది యాంగ్, నాది చెన్. ఏర్వేరు కదా. నీదేం నేను తీసుకోలేదు."

"కాలు తన్నడం ఒక్కటి తప్ప నీ ఒంట్లో ఉన్నదంతా నాదే" అన్నాను.

"అందరికీ మూలం ఒకటేనని మీ టీచరే చెప్పిందిగా" అంది, బట్ట మడత పెడుతూ.

ఆ కథను తనకి నేనే చెప్పాను, ఆ మేడ మీదే, విమానాల కింద, ఎంత గొప్ప సంగతో చూడు అన్నట్టు చెప్పాను. తిట్టడానికి నోరు తెరిచాను. మాది నోరున్న వంశమే. కాని ఎదురుగా ఉన్నదాన్ని ఏమని తిట్టను? వంశం ఎత్తి తిడదామంటే ఇంటిపేరు నాదే. ఆ వారంలోనే తను ఫిజియో వాళ్ల హాస్టల్ గదికి మారిపోయింది. వెళ్తూ నా బామ్ డబ్బా కూడా తీసుకుపోయింది. దాని గురించి ఏడిచినంత ఉద్యోగం గురించి ఏడవలేదంటే ఎవరూ నమ్మరు.

శుక్రవారం మన తెలుగువాళ్లం కొందరం ఒకళ్ల ఇంట్లో కూర్చుని, బయటికి వినపడకుండా నెమ్మదిగా కీర్తనలు పాడుకుంటాం. అక్కడ అందరికీ సంగతి తెలిసింది. ఒకావిడ నా చెయ్యి పట్టుకుని, "సొంత చెల్లెలు అలా చేస్తుందనుకోలేదమ్మా" అంది. సొంత చెల్లెలు కాదండీ అని మొదటిసారి నా నోటితో అన్నాను. అన్నాక కూడా మనసు తేలిక పడలేదు. సొంతం కాకపోతే ఇంత నొప్పి ఎందుకు?

ఇఖామా, అంటే ఇక్కడ ఉండే పర్మిట్, ముగిసేలోపు ఎగ్జిట్ వచ్చింది. అమ్మాయి ఫోన్‌లో, "నేను పార్ట్ టైమ్ చేసుకుంటాలే మమ్మీ" అంది. దాని గొంతులో ధైర్యం విని ఇంకా కుంగిపోయాను. పెట్టె సర్దాను, తాడు కట్టాను. ఆఖరిరోజు వార్డంతా తిరిగి సలాం చెప్పాను. ఒక హజ్జా మిగిలింది. రెండు మోకాళ్లూ ఆపరేషన్ చేయించుకున్న పెద్దావిడ. ఆవిణ్ణి మొదటిసారి మంచం దింపి నిలబెట్టింది నేనే. నా మెడ పట్టుకుని వేలాడి, దేవుడా దేవుడా అంటూ ఏడ్చింది. ఆవిడ ఎక్కడుందని అడిగితే వ్యాయామం హాల్లో ఉందన్నారు.

వెళ్లకుండా ఉండాల్సింది. వెళ్లాను.

హాల్లో పెద్దావిడలు అబాయాల్లో వరుసగా నిలబడి ఉన్నారు. ముందు చెల్లి, తెల్ల కోటులో, వీపు నా వైపు. "యల్లా" అంది, కానివ్వమన్నట్టు. పిడికిలి అరచేతిలోకి దించి కాలు తన్నింది. వెనకున్న పెద్దావిడలంతా చెప్పుల కాళ్లతో భయం భయంగా చిన్నగా తన్నారు. ఆ తన్నుడు అవ్వగానే ఇక మిగిలినదంతా నాకు తెలిసినదే. అదే నడక, అదే తిరుగుడు, ఊపిరి కోసం ఆగే చోటు కూడా నాదే. హజ్జా నన్ను చూసి కేక వేసి, చెయ్యి పట్టుకుని లాగి తన పక్కన నిలబెట్టింది. చెల్లి వెనక్కి తిరిగి నన్ను చూసింది. ఆపాలో సాగించాలో తెలియక సాగించింది.

ఒంటి కొరడా వచ్చింది. కుడిచేతులు కొక్కేలయ్యాయి. ఎడమచేతులు ముందుకి వచ్చాయి. ఒక్క అరచెయ్యి కూడా నిలబడలేదు. అన్నీ జారిపోతున్నట్టు ముందుకి, కిందికి వాలి ఉన్నాయి. ముందున్న దాని చెయ్యి కూడా, చక్కటి తిన్నని మణికట్టు ఉన్న చెయ్యి, నాలాగే వాలి ఉంది. తనకి తెలియదని ఆ క్షణంలో నాకు అర్థమైంది. నా వెనక నిలబడి చూసి చూసి, అది అలాగే ఉంటుందనుకుంది. సైకిలు కథ విన్నది, బామ్ రాసింది, ఆ విరిగిన చేతికీ ఈ వాలుకీ సంబంధముందని ఎప్పుడూ అనుకోలేదు.

హజ్జా తన చెయ్యి చాపి నాకు నేర్పడం మొదలుపెట్టింది. నెమ్మదిగా, చిన్నపిల్లకి చెప్పినట్టు, నా వార్డు అరబీకి అందేలా. చెయ్యి నిలబెట్టకూడదట. ఇలా వాల్చాలట. చైనాలో ఒక ఊరి పాతవాళ్లు ఇలాగే చేసేవారట, ఇదే అసలైన పద్ధతని సిస్టర్ చెప్పిందట. నేను కూడా చెయ్యి చాపాను. అది దానంతటదే వాలింది.

"ముంతాజ్!" అని, భేష్ అన్నట్టు, హజ్జా చప్పట్లు కొట్టింది. అందరినీ పిలిచి నా చెయ్యి చూపించింది. ఇన్నాళ్లుగా నేర్చుకుంటున్నా మాకు కుదరలేదు, ఈవిడకి చూడండి, మొదటిసారికే వచ్చేసింది అంది. పెద్దావిడలంతా మూగి నా మణికట్టు వైపు మెచ్చుకోలుగా చూశారు.

నేను హజ్జా వైపే చూస్తూ, హాలంతా వినపడేలా, మా ఊరి తెలుగులో చెప్పాను. "ఇది చైనా వాళ్లది కాదు హజ్జా. మా అన్నయ్య సైకిలెక్కి నేను కాలవలో పడితే ఇరిగిన చెయ్యి ఇది. కట్టు సరిగ్గా కట్టలేదు. అంతే, ఇంకేం లేదు."

హజ్జాకి ఒక్క ముక్క అర్థం కాలేదు. వెళ్లేముందు నేనేదో దీవెన చెబుతున్నాననుకుని, కళ్లు తుడుచుకుంటూ, "ఆమీన్, ఆమీన్" అంది. చుట్టూ ఉన్న పెద్దావిడలు కూడా ఆమీన్ అన్నారు.

ఆ హాల్లో తెలుగు తెలిసినది ఇంకొక్కతే. అది తన ఎడమచేతిని మొహం దగ్గరికి తెచ్చుకుని, అటూ ఇటూ తిప్పి చూసుకుని, మెల్లగా కోటు జేబులో పెట్టుకుంది.